విల్డబీస్టును అడవిదున్న అనవచ్చా?

సందేహం: ఆఫ్రికా జంతువుల మీద తెలుగులో వచ్చే కార్యక్రమాల్లో వైల్డ్‌బీస్ట్‌ను ఒకచోట ‘అడవిదున్న’ అనీ, ఇంకోచోట ‘అడవి మృగం’ అనీ అంటున్నారు. ఏది సరైనది? దాని పిల్లను దూడ అనవచ్చా?

సమాధానం: రెండూ సరికావు. ‘అడవిదున్న’ అయితే మరీ తప్పు. ఆ పేరుకు సొంతదారు వేరే ఉంది. పాపికొండల అడవుల్లో తిరిగే, మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే, టన్ను దాకా తూగే జంతువు అది. ఆవులకు దగ్గరి చుట్టం. విల్డబీస్టు జింకల వైపుది. మగది 200–250 కిలోలు ఉంటుంది. భుజాలు ఎత్తు, నడుం వాలు, గుర్రపు తోక, మెడ కింద గడ్డం, భుజాల మీద నిలువు చారలు. కొమ్ముల వంపు ఒక్కటే దున్నను తలపిస్తుంది.

చిక్కంతా ఆ పేరులోనే ఉంది. అది దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చివారు పెట్టిన పేరు. ‘విల్డ’ అంటే అడవికి చెందిన, ‘బీస్ట్’ అంటే జంతువు, పశువు. మనం ‘పశువులు’ అన్నప్పుడు ఆవులూ గేదెలే మనసులో మెదిలినట్టు, వారి మాటకూ ఆ అర్థం ఉంది. రూపం చూసి పెట్టిన పేరును మాటకు మాట తెలుగు చేస్తే ఆ పొరపాటూ వెంటే వస్తుంది. ఉత్తరాదివారు ‘నీల్‌గాయ్’, అంటే నీలి ఆవు, అనేదీ ఆవు కాదు, జింక జాతిదే. మనవాళ్లు దాన్ని నీలి ఆవు అనలేదు, మనుబోతు అన్నారు. చక్కని పేరు.

‘మృగం’ సంస్కృతంలో జింక కూడా. కృష్ణమృగం, కస్తూరి మృగం అలా వచ్చినవే. కానీ వాడుకలో మృగం అనగానే క్రూరమృగమే తోస్తుంది. గడ్డి మేసే ప్రాణికి ఆ పేరు అన్యాయం.

మరి జింక అంటే సరిపోతుందా? తెలుగులో ‘జింక’ రెండు తెగలకూ చెల్లుతుంది. దుప్పి, కణితి ఏటా కొమ్ములు రాల్చి కొత్తవి తెచ్చుకుంటాయి, అవీ మగవాటికే. కృష్ణజింక, మనుబోతు కొమ్ములు రాల్చవు. విల్డబీస్టు ఈ రెండో తెగది, పైగా ఆడదానికీ కొమ్ములుంటాయి. కాబట్టి మొదటిసారి ‘దున్న పోలికలున్న ఆఫ్రికా జింక, విల్డబీస్టు’ అని పరిచయం చేసి, తర్వాత విల్డబీస్టు, విల్డబీస్టులు అని రాసుకుపోవడం మేలు. ‘వైల్డ్’ కాదు, ఇంగ్లీషువారు పలికేదీ ‘విల్డ’ అనే. దీనికి ‘ను’ అని ఇంకో పేరుంది, దక్షిణాఫ్రికా ఖోయి ప్రజల మాట నుంచి వచ్చింది. కానీ ‘ను’ మనకు ద్వితీయా విభక్తి. ‘సింహం నును పట్టింది’ అని రాస్తే అచ్చుతప్పు అనుకుంటారు.

ఇక పిల్ల సంగతి. ఆవుకూ గేదెకూ దూడ, ఏనుగుకు గున్న, మేకకూ జింకకూ పిల్ల. విల్డబీస్టుకు పిల్ల అనే అనాలి. దూడ అన్నామంటే మళ్లీ దున్నల దొడ్లోకి తోలినట్టే.

అయితే ‘ఈనడం’ నిస్సంకోచంగా వాడండి. ‘ప్రసవించింది’ కన్నా అదే నప్పుతుంది. టాంజానియాలోని సెరెంగెటి గడ్డి మైదానాల దక్షిణాన, అగ్నిపర్వతపు బూడిద పరచుకున్న నేలల మీద, ఫిబ్రవరి ప్రాంతంలో చాలా మటుకు రెండు మూడు వారాల్లోనే ఈనుతాయి. అన్ని పిల్లలు ఒక్కసారే నేలకు దిగితే సింహాలు, దుమ్ములగొండులు తినగలిగినన్ని తిన్నా ఎక్కువ భాగం మిగులుతాయి. పిల్ల కొద్ది నిమిషాల్లోనే లేచి నిలబడుతుంది, కాసేపటికే తల్లి వెంట పరుగెత్తుతుంది.

ఇక్కడ ‘ఈత’ అనే మాటతో మాత్రం జాగ్రత్త. పాడి రైతులు తొలి ఈత, రెండో ఈత అంటారు, అక్కడ అది ఈనడమే. విల్డబీస్టులకు నీటి ఈత కూడా ఉంది. లక్షలాది విల్డబీస్టులు గడ్డి వెతుక్కుంటూ ఉత్తరానికి వచ్చి, జులై నుంచి అక్టోబరు దాకా కెన్యా, టాంజానియాల్లో పారే మారా నదిని అటూ ఇటూ దాటుతుంటాయి. నిటారు గట్లు ఎక్కలేక, వెనకనుంచి తోసుకొచ్చే మంద కింద నలిగి, ఏటా వేలల్లో మునిగిపోతాయి. మొసళ్ల నోట పడేవాటికన్నా ఇలా పోయేవే ఎక్కువ. ‘ఈతలో పిల్లలు చనిపోయాయి’ అని రాస్తే పుట్టేటప్పుడా, నదిలోనా తెలియదు. ‘ఈనే కాలంలో’ అనో, ‘నది దాటుతూ’ అనో విడమరిచి రాయండి.