పండుగ చాక్లెట్లు మిగిలాయన్న అమ్మాయికి

చి॥ సౌ॥ అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి. పండుగ సెలవులు ముగిసేసరికి రెండు డబ్బాల చాక్లెట్లు మిగిలాయనీ, వాటిని బ్రౌనీలుగానో కుకీలుగానో మార్చాలని ఉందనీ, వంటకంలో డార్క్ చాక్లెట్ అని ఉన్నచోట వీటినే కరిగించి పోస్తే సరిపోతుందా అనీ అడిగావు. నేరుగా పోస్తే సరిపోదు. అయితే కొలతలు కాస్త సవరించుకుంటే ఆ డబ్బాల్లో పనికిరానిది దాదాపు ఏమీ ఉండదు కనుక ఈ ఉత్తరం కొంచెం పెద్దదైనా ఓపికగా చదువు.

వంటకం వ్రాసేవారు సాధారణంగా 60 నుంచి 70 శాతం కోకో ఉన్న చాక్లెట్‌ను దృష్టిలో పెట్టుకొని, దానిలోని చక్కెరనూ కొవ్వునూ లెక్కలోకి తీసుకున్నాకే మిగతా దినుసుల కొలతలు వేస్తారు. పండుగ డబ్బాల్లో ఉండేది చాలావరకు మిల్క్ చాక్లెట్. దాని బరువులో ఇంచుమించు సగం చక్కెరే. 70 శాతం డార్క్ చాక్లెట్‌లో చక్కెర 30 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. కోకో తగ్గినందువల్ల చేదు తగ్గుతుంది, చేదు తగ్గినందువల్ల ఉన్న తీపి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి ముందు వంటకం ఎంచుకొని దానికోసం డబ్బా తెరవడం కాకుండా, ముందు డబ్బాలో ఉన్నదేమిటో చూసుకొని, దానికి తగిన వంటకాన్ని ఎంచుకోవాలి.

అందుకని మొదటి పని వేరుచేయడం. రేకులన్నీ విప్పి, డార్క్ ఒకవైపు, మిల్క్ ఒకవైపు, వైట్ ఒకవైపు, లోపల క్యారమెల్, క్రీమ్, గింజలు వంటివి ఉన్నవి ఇంకొకవైపు పెట్టు. రేకు ముక్క ఒక్కటైనా చాక్లెట్‌కు అంటుకొని ఉండిపోకుండా చూసుకో. బొమ్మల ఆకారంలో పోసిన బోలు చాక్లెట్ల మడతల్లో అది ఇట్టే దాక్కుంటుంది. పుదీనా రుచి ఉన్నవాటినీ నారింజ రుచి ఉన్నవాటినీ విడిగా మూతపెట్టి ఉంచు, ఎందుకంటే చాక్లెట్‌లోని కొవ్వు పక్కనున్న వాసననల్లా పీల్చుకుంటుంది, పుదీనా అయితే పూటలోనే డబ్బా అంతా ఆక్రమిస్తుంది. అన్నీ కలిపి ఒకే గిన్నెలో కరిగిస్తే పని తేలికే కానీ, ఏ రుచీ తేలని గోధుమరంగు తీపి ముద్ద తయారవుతుంది. ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

వేరుచేసేటప్పుడే పొట్లం వెనుక దినుసుల జాబితా ఒకసారి చదువు. కొవ్వు కింద కోకో బటర్ ఒక్కటే ఉంటే అది అసలైన చాక్లెట్. కోకో బటర్‌కు బదులు పామ్ కెర్నెల్ వంటి నూనె ఉంటే అది కాంపౌండ్ రకం. కాంపౌండ్‌ను తీసిపారేయనక్కరలేదు, ముక్కలుగా కోసి కుకీల్లో వేస్తే చక్కగా పనికివస్తుంది. చాక్లెట్‌లో క్రీమ్ కలిపి చేసే గనాష్‌కు మాత్రం వాడవద్దు, నోట్లో మైనపు పూత మిగిలినట్టు ఉంటుంది. కోకో బటర్ సుమారు 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త దిగువనే కరుగుతుంది కనుక అసలు చాక్లెట్ నాలుక మీద వెన్నలా జారిపోతుంది. ఆ గుణం వేరే నూనెలతో పూర్తిగా రాదు.

కొన్నిటి మీద తెల్లటి పొర పట్టిందని, బూజేమోనని భయపడ్డావు. అది దాదాపు ఎప్పుడూ బూజు కాదు. వేలితో మెల్లగా రుద్ది చూడు. జిడ్డుగా తగిలి, వేలి వేడికి కరిగి మాయమైతే, అది వేడికి మెత్తబడి మళ్లీ గట్టిపడినప్పుడు కోకో బటర్ పైకి వచ్చి ఏర్పడిన పొర. పొడిగా, గరుకుగా, రుద్దినా పోకుండా ఉంటే చాక్లెట్‌కు తేమ తగిలి, చక్కెర కరిగి, మళ్లీ పైన స్ఫటికాలుగా పేరుకుందని అర్థం. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే విప్పినవాటికి ఇలా జరుగుతుంది. రెండూ చూడటానికి బాగుండవు కానీ తినడానికి హాని లేదు, బేకింగ్‌లోకి వెళ్లాక ఆ మచ్చ ఎవరికీ కనబడదు. జాగ్రత్త పడవలసింది గింజలున్నవాటి విషయంలో. గింజల నూనె పాతబడి ముక్కవాసన పడితే ఓవెన్ దాన్ని దాచదు, పైగా వేడికి ఇంకా బయటపెడుతుంది. ప్రతి రకం నుంచి చిన్న ముక్క కొరికి చూసి, అనుమానంగా ఉన్నదాన్ని పక్కన పడేయి. తాజా క్రీమ్‌తో చేసిన ట్రఫుల్స్ ఉంటే పొట్లం మీది గడువును తప్పక పాటించు. అవి మామూలు చాక్లెట్ల వలె నెలల తరబడి నిలువ ఉండేవి కావు.

ఇక కరిగించడం. చాక్లెట్ అంటే కొవ్వులో తేలుతున్న మెత్తటి చక్కెర, కోకో రేణువులు. దానిలో ఒకటి రెండు చుక్కల నీరు పడితే ఆ రేణువులు తడిసి, ఒకదానికొకటి అంటుకొని, నునుపుగా ఉన్నది కాస్తా ఇసుక ముద్దలా బిగుసుకుంటుంది. గిన్నె, గరిటె, కత్తి, పలక అన్నీ పొడి గుడ్డతో తుడిచాకే మొదలుపెట్టు. నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించేటట్టయితే కింది నీరు సన్నగా మరుగుతూ ఉండాలి, పై గిన్నె అడుగు నీటిని తాకకూడదు. మైక్రోవేవ్‌లో అయితే సగం శక్తి మీద 30 సెకన్లు పెట్టి, తీసి కలిపి, మళ్లీ పెట్టాలి. చాక్లెట్ ముక్క తన ఆకారంలోనే నిలబడి ఉన్నా లోపల కరిగిపోయి ఉంటుంది. కళ్లను నమ్ముకొని ఇంకా పెడుతూ పోతే నడుమ మాడుతుంది. మూడొంతులు కరిగాక తీసేసి కలుపుతూ ఉంటే మిగతాది ఆ వేడికే కరుగుతుంది. డార్క్ 50 డిగ్రీలు, మిల్క్, వైట్ 45 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది, ఎందుకంటే మిల్క్, వైట్ రకాల్లోని పాలపొడి త్వరగా మాడుతుంది. అంత జాగ్రత్తపడినా ముద్దకట్టిందనుకో, వేడి నీళ్లో వేడి పాలో ఒక్కొక్క చెంచా పోస్తూ గట్టిగా కలుపు. వింతగా అనిపించినా, తక్కువ నీటితో వచ్చిన చిక్కు ఎక్కువ నీటితో విడిపోతుంది. మాడినదాన్ని మాత్రం ఏమీ చేయలేము. సరిచేసినది పూతకు పనికిరాదు కానీ కేక్ మీద పోసుకొనే సాస్‌కు బాగా పనికివస్తుంది.

నీ డబ్బాల్లో మిల్క్ చాక్లెటే ఎక్కువ కాబట్టి బ్రౌనీ కొలత సవరించి వ్రాస్తున్నాను. 20 సెంటీమీటర్ల చదరపు పళ్లానికి మిల్క్ చాక్లెట్ 170 గ్రాములు, వెన్న 115 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, పెద్ద గుడ్లు రెండు, మైదా 85 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 25 గ్రాములు, ఉప్పు అర టీస్పూన్, వెనిలా ఒక టీస్పూన్. డార్క్ చాక్లెట్‌తో చేస్తే చక్కెర 200 గ్రాముల దాకా, మైదా 110 గ్రాముల దాకా పడుతుంది. ఇక్కడ చక్కెర తగ్గించి, తగ్గించిన మైదా స్థానంలో అంతే బరువు కోకో పొడి వేస్తున్నాము. పోయిన రంగూ చేదూ దానితో తిరిగి వస్తాయి. చక్కెర ఎక్కువైందని 150 కంటే ఇంకా తగ్గించబోకు. చక్కెర తీపి కోసం మాత్రమే కాదు, బ్రౌనీ లోపల తేమ నిలవడానికీ, పైన పల్చటి పగుళ్ల పొర రావడానికీ అదే ఆధారం. ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఒక టీస్పూన్ కలిపితే కాఫీ రుచి అంతగా తెలియదు, కోకో రుచి మాత్రం లోతు పెరుగుతుంది. ఉప్పు ఎట్టి పరిస్థితిలోనూ మానవద్దు.

వెన్న, చాక్లెట్ కలిపి కరిగించి, వేలు పెట్టగలిగేంత గోరువెచ్చగా చల్లారాక చక్కెర, తరువాత ఒక్కొక్కటిగా గుడ్లు వేసి, మిశ్రమం నిగనిగలాడుతూ గిన్నె అంచుల నుంచి విడివడేవరకు ఒక నిమిషం బలంగా కలుపు. అసలు శ్రమ అక్కడే. మైదా, కోకో జల్లించి వేశాక మాత్రం తెల్ల చారలు పోయేంతవరకే గరిటెతో మడిచినట్టు కలిపి ఆపేయాలి. 175 డిగ్రీల వద్ద 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది, అయితే 22 నిమిషాల నుంచే చూడటం మొదలుపెట్టు. నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటితే ఇంకా కావాలి, తేమగా ఉన్న పొడి నలుసులు అంటితే తీసేయాలి, పుల్ల శుభ్రంగా వచ్చిందంటే ఆలస్యమైనట్టే. పూర్తిగా చల్లారకముందు కోస్తే ముక్క నిలవదు. ఇంట్లో వాళ్లను ఆపడం నీ చేతిలో పని.

లోపల క్యారమెల్ ఉన్నవాటిని ఎప్పుడూ కరిగించవద్దు; వాటికి కుకీలే సరైన చోటు. అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సగానికి కోసి, ఒక్కొక్క ముక్క చుట్టూ కుకీ పిండి ముద్దను ఏ చీలికా లేకుండా మూసేయి. పిండి ముద్దలను కూడా గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే ఓవెన్‌లో వెడల్పుగా పరుచుకోవు. 180 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు చాలు. ఎంత జాగ్రత్తగా మూసినా ఒకటి రెండు కుకీల్లోంచి క్యారమెల్ కారి పళ్లెం మీద పడుతుంది, అది చల్లారితే ఉలి పెట్టి తీయాల్సిందే, కాబట్టి బటర్ పేపర్ తప్పనిసరి. బయటికి తీసిన మొదటి నిమిషంలోనే చెంచా వెనుకవైపుతో కారినదాన్ని కుకీ అంచులోకి తోసేస్తే మళ్లీ గుండ్రంగా కుదురుతుంది.

మామూలు చాక్లెట్ కడ్డీలను కోసి కుకీల్లో వేసినప్పుడు అవి దుకాణంలో దొరికే చాక్లెట్ చిప్స్ వలె ఆకారం నిలుపుకోవు. చిప్స్‌లో కోకో బటర్ తక్కువగా ఉండేలా చేస్తారు కనుక అవి నిలబడతాయి, ఇవి మడుగులుగా పరుచుకుంటాయి. నాకైతే ఆ మడుగులే ఇష్టం. రంగు చక్కెర పెంకు ఉన్న గోళీలను మాత్రం పిండిలో కలిపితే తేమకు రంగు దిగుతుంది కాబట్టి, కుకీలు బయటికి రావడానికి రెండు నిమిషాల ముందు పైన అద్దు. కేక్‌లో వేసిన ముక్కలు అడుగుకు దిగిపోతాయని మైదాలో దొర్లించమని అందరూ చెబుతారు. దానివల్ల పెద్ద ప్రయోజనం లేదు. ముక్కలు చిన్నవిగా, పిండి చిక్కగా ఉంటే అవే నిలుస్తాయి.

వైట్ చాక్లెట్‌ను చూసి పెదవి విరిచేవాళ్లు ఒక పని చేసి చూడాలి. ముక్కలుగా కోసి పళ్లెంలో పరిచి, 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, పది నిమిషాలకొకసారి తీసి గరిటెతో బాగా కలిపి మళ్లీ పెడుతూ ఉంటే, నలభై నిమిషాల నుంచి గంటలోపు అది కాచిన పాలకోవా రంగుకు తిరిగి, మాగిన క్యారమెల్ వాసన వేస్తుంది. మధ్యలో పొడిపొడిగా, పాడైపోయినట్టు కనబడుతుంది. అప్పుడు బెదిరిపోకుండా కలుపుతూనే ఉంటే మళ్లీ నునుపుగా మారుతుంది. దీనికి కోకో బటర్ ఉన్న అసలు రకమే కావాలి. చిటికెడు ఉప్పు వేసి కుకీల మీద గీతలుగా పోయవచ్చు.

గనాష్ చేసుకొనేటట్టయితే డార్క్‌కు సమానమైన బరువు క్రీమ్ పోస్తే కేక్ మీద పూతకు సరిపోతుంది. మిల్క్‌కు అందులో సగం క్రీమ్, వైట్‌కు మూడో వంతు చాలు. ఈ తేడా గమనించకుండా అన్నిటికీ సమానంగా పోస్తే ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచినా గట్టిపడదు.

తినేవాళ్ల సంగతి కూడా ముందే ఆలోచించు. కలగలుపు డబ్బాలోంచి చేసినదానిలో ఏ గింజ ఎక్కడ పడిందో తరువాత చెప్పలేము, కనుక గింజలు పడనివారు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం వేరే పొట్లం విప్పి, కడిగిన గిన్నెల్లో విడిగా చెయ్యి. మద్యం నింపిన చాక్లెట్లు ఉంటే అవి పిల్లల పళ్లెంలోకి రాకూడదు. ఓవెన్ వేడికి మద్యం పూర్తిగా ఆవిరైపోతుందనుకోవడం పొరపాటు. ఇంట్లో కుక్క ఉంటే గిన్నెలు నాకనివ్వవద్దు, చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ దానికి విషం. కోకో పొడిలో, డార్క్‌లో అది మరీ ఎక్కువ.

అంతా ఒకేరోజు వాడేయాలన్న తొందర లేదు. మిగిలిన చాక్లెట్‌ను రకం వారీగా గాలి చొరని డబ్బాల్లో పెట్టి, 15 నుంచి 18 డిగ్రీల చల్లటి, చీకటి చోట ఉంచు. అటువంటి చోటు లేక ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే రెండు పొరలుగా చుట్టి పెట్టి, తీసిన తరువాత మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయవద్దు. చేసిన బ్రౌనీలు కూడా ఒక్కొక్కటిగా చుట్టి ఫ్రీజర్‌లో ఉంచితే రెండు మూడు నెలలు బాగుంటాయి. డబ్బా అడుగున మిగిలిన పొడినీ తునకలనూ వేడి పాలలో వేసి గిలక్కొట్టుకుని తాగండి.

మిల్క్, డార్క్, వైట్ ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు తేలిందో, నీ ఓవెన్‌లో పట్టే పళ్లెం కొలత ఎంతో తూకం వేసి వ్రాయి. దానినిబట్టి మిగతా కొలతలు లెక్కకట్టి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ