ల్యాబ్ తాళం తీయకపోతే సైన్స్ ఎలా నేర్పాలి?

ప్రశ్న: మాస్టారు గారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మార్కులు బాగానే వస్తాయి. బడిలో ల్యాబ్ ఉంది కానీ తాళం తీయరు. బోర్డు మీద రాసింది చూసి పిల్లలు రికార్డు నింపేస్తారు. పక్కింటివాళ్లు వాళ్ల అబ్బాయికి రోబోటిక్స్ కిట్ కొని, ఆన్‌లైన్ క్లాసులో చేర్చారు. మేమూ కొనాలా? వచ్చే ఏడాది పది, ఇలాంటి వాటిలో పడితే చదువు దెబ్బతింటుందేమోనని మా వారికి టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, సత్తెనపల్లి

జవాబు: అమ్మా, కిట్ ఇప్పుడే కొనకండి. గట్టి దారం, ఒక పెద్ద ఇనుప నట్టు, కొలిచే టేపు, మీ ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం ఉంది. జి విలువ, అంటే కిందపడే వస్తువు వేగం సెకనుకి ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య, 9.8 అని పిల్లలందరూ అప్పచెబుతారు. అది మీ గుమ్మంలోనే కొలవొచ్చు. మామిడి తోరణం కట్టే మేకుకి దారం కట్టి నట్టు వేలాడదీయండి. మేకు నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా మీటరు ఉండాలి. కొంచెం పక్కకు లాగి వదిలేయాలి, తోయకూడదు. అటు వెళ్లి మళ్లీ బయలుదేరిన చోటికి వస్తే ఒక డోలనం. 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో చూడమనండి. దాదాపు 40 సెకన్లు పట్టాలి.

చాలామందికి మొదటిసారి 38 దగ్గర వస్తుంది. నట్టు వదులుతూనే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెడతారు, అందుకని 20 అనేసరికి నిజంగా అయ్యేవి 19 డోలనాలే. ఇక్కడ మీరు తొందరపడి సరిదిద్దకండి. లెక్క కట్టనివ్వండి. సూత్రం పై తరగతుల్లో వస్తుంది కానీ వాడుకోవడానికి ఇప్పుడేం అడ్డు లేదు: దారం పొడవుని మీటర్లలో తీసుకుని 39.5తో గుణించి, ఒక డోలనానికి పట్టిన సెకన్ల వర్గంతో భాగించాలి. 38 సెకన్లయితే జి దాదాపు 10.9 వస్తుంది. పుస్తకంలో 9.8 ఉంది, తనకి 10.9 వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందా అని ఆ పిల్ల దారం మళ్లీ కొలుస్తుంది, స్టాప్‌వాచ్‌ని అనుమానిస్తుంది, చివరికి లెక్కపెట్టిన తీరు దగ్గరికి వస్తుంది. ‘సున్నా’తో మొదలుపెట్టి మళ్లీ చేస్తే 9.8కి దగ్గరగా వస్తుంది. బోర్డు మీద చూసి రికార్డు నింపే పిల్లలకు ఈ వెతుకులాట దక్కదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

తర్వాత రెండు నట్లు కలిపి కట్టమనండి. కట్టే ముందు ‘బరువు పెరిగితే త్వరగా ఊగుతుందా?’ అని అడిగి, జవాబు కాగితం మీద రాయించండి. త్వరగానే ఊగుతుందని ఎక్కువమంది రాస్తారు. మేకు నుంచి నట్ల మధ్య వరకు మళ్లీ అదే మీటరు ఉంటే కాలం మారదు. దారం పొడవు సగం చేస్తే కాలం సగమవుతుందా? కాదు. సగం కావాలంటే దారం నాలుగో వంతు, అంటే 25 సెంటీమీటర్లు ఉండాలి. ముందు ఊహించి తర్వాత కొలిచిన విషయాన్ని పిల్లలు అంత తేలిగ్గా మర్చిపోరు.

మీ వారి టెన్షన్ విషయానికొస్తే, పదో తరగతి పరీక్షలో ప్రయోగం వివరించమని, పటం గీయమని అడుగుతారు. చేతులతో చేసిన పిల్లకు అది బట్టీ పట్టే పని ఉండదు. వారానికి ఒక్క పూట ఇచ్చినా చాలు. లెక్కలకూ ఇదే దారి. కోణమానిని (ప్రొట్రాక్టర్) తిన్నని అంచుకి ఒక స్ట్రా అతికించి, ఆ అంచు మధ్య బిందువు నుంచి దారం, దానికి చిన్న బరువు వేలాడదీయండి. స్ట్రాలోంచి ఊళ్లో నీళ్ల ట్యాంకు పై అంచుని చూస్తూ, దారం 45 డిగ్రీల దగ్గర నిలిచే చోట ఆగాలి. నేల సమంగా ఉంటే, అక్కడి నుంచి ఆ అంచుకి సరిగ్గా కింద ఉన్న చోటు వరకు దూరం, దానికి పాప కంటి ఎత్తు కలిపితే ట్యాంకు ఎత్తు. త్రికోణమితి పాఠం వచ్చేనాటికి టాన్ 45 తనకి కొత్తగా ఉండదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంట్లో ఆమ్లాలతో, స్పిరిట్ మంటతో ఏదీ చేయించకండి. కరెంటు ప్రయోగాలు 1.5 వోల్టుల సెల్లులతోనే చేయాలి, గోడ ప్లగ్గు జోలికి వెళ్లకూడదు.

రోబోటిక్స్ మీద నాకు వ్యతిరేకత లేదు. కానీ కిట్‌తో పాటు వచ్చిన కాగితం చూసి ముక్కలు బిగించడం వేరు, ఎందుకు పనిచేయలేదో వెతకడం వేరు. రెండోది అలవాటయ్యాక కొనండి. దగ్గర్లో ఏ బడిలోనైనా అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే, కేంద్ర ప్రభుత్వ పథకం కింద పెట్టిన ల్యాబ్) ఉందేమో కూడా కనుక్కోండి. 2016లో మొదలైన ఈ ల్యాబులు 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసమే. వేరే బడి పిల్లల్ని రానిస్తారో లేదో అక్కడి హెడ్మాస్టరుని అడగాలి.

ఇక బడి సంగతి. పేరెంట్స్ మీటింగులో ‘ల్యాబ్ ఎందుకు తీయరు’ అని నిలదీస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘శనివారం చివరి పీరియడ్ తొమ్మిదో తరగతికి ల్యాబ్ తెరిపించండి, సామాన్లు సర్దడానికి మేం ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులం వస్తాం’ అని అడగండి. ల్యాబ్ మూసి ఉండటానికి చాలా చోట్ల కారణం గాజు సామాను పగులుతుందన్న భయం, సర్దే మనిషి లేకపోవడం. మీరు వెళ్లేటప్పుడు పాప తన చేత్తో రాసుకున్న రీడింగుల కాగితం తీసుకెళ్లి సైన్స్ టీచరుకి చూపించండి.