బీటామ్యాక్స్ నిజంగానే మేలైనదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వీడియో క్యాసెట్ల రోజుల్లో వీహెచ్ఎస్ కంటే బీటామ్యాక్స్‌లోనే బొమ్మ బాగుండేదని, అయినా నాసిరకం సరుకే గెలిచిందని తరచూ చదువుతుంటాము. ఇందులో నిజమెంత?

జవాబు: కొంత నిజమే గాని, అది తొలి రెండేళ్లకే వర్తిస్తుంది. సోనీ సంస్థ 1975లో బీటామ్యాక్స్‌ను విడుదల చేసినప్పుడు ఒక క్యాసెట్‌లో గంటసేపటి కార్యక్రమం మాత్రమే పట్టేది. మరుసటి ఏడాది జేవీసీ తెచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్ పరిమాణంలో కాస్త పెద్దది. అందులో రెండు గంటలు పట్టేది. రెండింటిలోనూ టేపు వెడల్పు అర అంగుళమే కనుక తేడా అంతా వేగంలోనూ పొడవులోనూ ఉంది. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల టీవీ ప్రసార) పద్ధతి యంత్రాల్లో తొలి బీటా టేపు సెకనుకు 40 మిల్లీమీటర్ల చొప్పున నడిస్తే, వీహెచ్ఎస్ టేపు సుమారు 33 మిల్లీమీటర్ల చొప్పున నడిచేది. టేపు వేగంగా నడిస్తే బొమ్మ మెరుగుపడుతుంది, క్యాసెట్ త్వరగా అయిపోతుంది. గంట క్యాసెట్‌లో ఒక పూర్తి సినిమా పట్టదు కాబట్టి సోనీ 1977లో వేగాన్ని సరిగ్గా సగానికి తగ్గించింది. తరువాత వచ్చిన గృహ వినియోగపు బీటా యంత్రాల్లో చాలావాటికి ఆ మొదటి వేగంతో రికార్డు చేసే సౌకర్యమే లేదు. అంటే, బీటా గొప్పతనానికి సాక్ష్యంగా చూపే బొమ్మను ఎక్కువమంది కొనుగోలుదారులు తమ ఇంట చూడనేలేదు. పైగా ఆ మొదటి వేగంలోనైనా స్పష్టత తేడా సుమారు 250 గీతలకు, 240 గీతలకు మధ్య ఉన్నంతే. నాటి టీవీల మీద దానిని కంటితో పసిగట్టడం కష్టం. పాల్ అనే టీవీ ప్రసార పద్ధతి ఉన్న, మన దేశం వంటి దేశాల్లోనైతే బీటా టేపే వీహెచ్ఎస్ కంటే నెమ్మదిగా నడిచేది!

సోనీ తన పద్ధతిని ఇతరులకు ఇవ్వకపోవడమే ఓటమికి కారణమన్న మాట కూడా సరికాదు. తోషిబా, సాన్యో సంస్థలు బీటా యంత్రాలు తయారు చేశాయి. అయితే జేవీసీ పక్షాన మత్సుషితా, హిటాచీ, షార్ప్, మిత్సుబిషి వంటి పెద్ద సంస్థలు నిలిచాయి. మత్సుషితా తయారు చేసి ఇచ్చిన నాలుగు గంటల వీహెచ్ఎస్ యంత్రాన్ని ఆర్‌సీఏ సంస్థ 1977లోనే అమెరికాలో అమ్మకానికి పెట్టింది. తయారీదారులు పెరిగేకొద్దీ ధరలు దిగివచ్చాయి, అద్దె దుకాణాలు ఎక్కువమంది ఇళ్లలో ఆడే క్యాసెట్లనే తెప్పించుకున్నాయి. ఓడినవారి మీద జాలి చూపే కథలు మనకు ఎప్పుడూ ఇష్టమే కనుక మిగతా కారణాలు మరుగున పడ్డాయని నా అభిప్రాయం. చివరకు సోనీ కూడా 1988లో వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి దిగింది. బీటా యంత్రాల తయారీ 2002 వరకు సాగింది గాని, ఖాళీ బీటా క్యాసెట్ల అమ్మకాన్ని ఆ సంస్థ 2016లోగాని ఆపలేదు. చివరి వరకు మిగిలిన జపాన్ తయారీదారు ఫునాయ్ సంస్థ వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి స్వస్తి చెప్పినది కూడా ఆ ఏడాదే.

ప్రశ్న: వీసీఆర్‌లో పాజ్ నొక్కగానే బొమ్మకు అడ్డంగా తెల్లని చారలు వచ్చేవి. అది యంత్రం లోపమా?

జవాబు: కాదు. వీడియో టేపు మీద బొమ్మ పొడవునా కాక ఏటవాలు గీతలుగా రికార్డవుతుంది. టేపు నెమ్మదిగా కదులుతుండగా, అది చుట్టుకుని ఉన్న డ్రమ్ము పాల్ యంత్రాల్లో నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ, తన మీది రెండు హెడ్లతో ఒక గీత తరువాత మరొక గీతను చదువుతుంది. టేపు కదలిక కూడా కలిస్తేనే హెడ్ వెళ్లే దారికి సరైన వాలు వస్తుంది. పాజ్‌లో టేపు ఆగిపోతుంది కనుక ఆ వాలు కొద్దిగా మారి, హెడ్ తన గీత మీద బయలుదేరి పక్క గీత మీదికి జారుతుంది. పక్క గీతను రికార్డు చేసినది రెండో హెడ్. దాని కోణం వేరు కనుక మొదటి హెడ్ దానిని చదవలేదు. చదవలేని ఆ భాగమే తెర మీద చారగా కనిపిస్తుంది. నాలుగు హెడ్ల యంత్రాలు వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది.

ప్రశ్న: పెళ్లి వీడియో ఉన్న పాత వీహెచ్ఎస్ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలనుకుంటున్నాము. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందుగా క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచును వెలుతురులో పరిశీలించండి. తెల్లని పొడి వంటి బూజు కనిపిస్తే దానిని మంచి యంత్రంలో పెట్టవద్దు. ఆ బూజు హెడ్లకు అంటుకుని తరువాతి క్యాసెట్లకు కూడా పాకుతుంది. అటువంటివాటిని అనుభవజ్ఞులకే అప్పగించడం మంచిది. బూజు లేకపోతే, క్యాసెట్ వెన్ను మీద ఒక మూలన ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాత బొమ్మ చెరిగిపోదు. ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరి వరకు చుట్టి, మళ్లీ వెనక్కు చుట్టిన తరువాతే ఆడించండి.

హెడ్లను శుభ్రం చేయవలసి వస్తే ఇయర్‌బడ్ వాడవద్దు. దాని దూదిపోగు తగులుకుంటే సన్నని హెడ్ విరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, పోగులు రాలని మెత్తని తోలు ముక్కను డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేతితో డ్రమ్మునే మెల్లగా తిప్పాలి. పైకీ కిందికీ రుద్దకూడదు.

ఒకే వీడియోకు రెండు మూడు క్యాసెట్లు ఉంటే, మొదట రికార్డయిన దానిని వెతికి దానినే వాడండి. టేపు నుంచి టేపుకు కాపీ చేసిన ప్రతిసారీ రంగులూ స్పష్టతా తరుగుతాయి. నిలువు గీతలు వంకర్లు పోతుంటే మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (గీతల సమయపు తేడాలను సరిచేసే పరికరం) ఉన్న యంత్రం అవసరమవుతుంది. ఇక కంప్యూటర్ తెర మీద బొమ్మ అడుగు అంచున చిందరవందరగా ఒక సన్నని పట్టీ కనిపిస్తే కంగారు పడవద్దు. ఒక హెడ్ నుంచి మరొక హెడ్‌కు మారే చోటు అది. పాత టీవీలు బొమ్మ అంచులను కొంత దాచేసేవి కనుక అప్పట్లో మీ కంట పడలేదు, అంతే. ఫైలును యథాతథంగా భద్రపరచి, ఆ పట్టీని చూసుకునే కాపీలో మాత్రమే కత్తిరించుకోండి.