కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి రోజూ పరుగెత్తాలా? రెస్ట్ ఇస్తే స్టామినా పోతుందా?

మీరు అడిగింది ఇదీ: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం, అంటే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షల కోసం, రెండున్నర నెలలుగా ఒక్కరోజూ మానకుండా పొద్దున 1600 మీటర్లు టైమ్ పెట్టి కొడుతున్నారు, సాయంత్రం జిమ్. మొదట్లో 7 నిమిషాల 50 సెకన్లు పట్టేది. నెలన్నరకి 7:10కి వచ్చింది. ఇప్పుడు ఎంత ఊపిరి బిగబట్టినా 7:35. కుడికాలికి మోకాలి కింద లోపలివైపు నొప్పి. గ్రౌండ్‌లో వాళ్లేమో 'గ్యాప్ ఇచ్చావంటే మళ్లీ మొదటికే' అంటున్నారు. వారానికి ఎన్ని రోజులు రెస్ట్ ఇవ్వాలి, ఆ రోజు ఏం చేయాలి?

వారానికి రెండు రోజులు పరుగూ జిమ్మూ రెండూ మానేయండి. ఇంకో రోజు కాళ్లకి పని పెట్టకండి. టైమ్ పెట్టి 1600 కొట్టడం రెండు వారాలకి ఒక్కసారి చాలు. మీ పాతిక సెకన్లు పోయింది కోలుకునే వ్యవధి లేకనే. ఇంకా గట్టిగా కొడితే అవి తిరిగిరావు, కాలు పోతుంది.

ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకపోతే మూడో రోజుకే భయమేసి మళ్లీ గ్రౌండ్‌కి వెళ్లిపోతారు. పరుగెత్తేటప్పుడు ఒళ్లు అరుగుతుంది. ఆ అరిగినదాన్ని ముందుకంటే కాస్త గట్టిగా కట్టుకోవడం జరిగేది తిండి, నిద్ర, విరామంలోనే. ఈ మరమ్మతు ఒంట్లో అన్నిచోట్లా ఒకే వేగంతో సాగదు. కండలో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే పరుగుకి పెట్రోలు లాంటిది, బాగా అన్నం తింటే ఒక రోజులో నిండుతుంది, మరీ ఖాళీ అయితే రెండు రోజులు. కండ నొప్పులు 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉండి తగ్గుతాయి. మడమ వెనకుండే అకిలిస్ లాంటి స్నాయువు, అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, దాని సంగతి వేరు. గట్టి పని పడ్డాక మొదటి రోజు, రోజున్నర దానిలో కొత్తగా చేరేదానికంటే విరిగిపోయే కొల్లాజెనే (దానికి గట్టితనమిచ్చే ప్రొటీన్) ఎక్కువ. ఆ వ్యవధిలోనే మళ్లీ దంచితే అప్పు మీద అప్పు చేసినట్టే.

అన్నిటికంటే నిదానం ఎముక. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలగిస్తుంది, ఆ పని కొన్ని వారాల్లో అయిపోతుంది. ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపడానికి నెలలు పడుతుంది. అంటే సాధన మొదలుపెట్టిన తొలి నెలల్లో ఎముక కొన్నాళ్లపాటు ముందుకంటే బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరి మాత్రం నాలుగైదు వారాల్లోనే మెరుగుపడతాయి. ఊపిరి సహకరిస్తోంది కదా అని వేగం పెంచుతారు, ఎముక ఇంకా దానికి తయారుగా ఉండదు. కొత్తగా చేరిన సైనికుల్లో ఈ దెబ్బ కనిపించడం ఇప్పటి సంగతి కాదు. ప్రష్యా (తర్వాత జర్మనీలో కలిసిన రాజ్యం) సైన్యంలో డాక్టరుగా ఉన్న బ్రైట్‌హౌప్ట్ 1855లోనే కవాతు చేసే సైనికుల పాదాల నొప్పి, వాపు గురించి రాశాడు. ఎక్స్‌రేలు వచ్చాక అవి ఎముక చిట్లడం వల్లేనని తేలింది.

ఇక స్టామినా పోతుందన్న భయం. ఒకటి రెండు రోజులకి ఏమీ పోదు. వారం పది రోజులు పూర్తిగా మానేసినా పెద్ద తేడా రాదు. రక్తంలో నీటి భాగం కాస్త తగ్గి మొదటి రోజు ఆయాసం ఎక్కువ అనిపిస్తుంది, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. దాదాపు రెండు వారాలయ్యాకే ఆక్సిజన్ వాడుకునే శక్తి కొలతకందేంత పడిపోవడం మొదలవుతుంది. కండ బలమైతే మూడు వారాల దాకా దాదాపు అలాగే ఉంటుంది. రెస్ట్ తర్వాతి రోజు పొద్దున కాళ్లు బరువుగా, మొద్దుగా అనిపిస్తే అది స్టామినా పోవడం కాదు. పది నిమిషాలు నెమ్మదిగా జాగింగ్ చేసి, 60 మీటర్లు నాలుగుసార్లు వేగం పెంచుతూ పరుగెత్తితే ఆ బరువు వదిలిపోతుంది.

ముందు మీ కాలు సంగతి తేల్చుకోండి. మంచం అంచున కూర్చుని కుడికాలు ఎడమ తొడ మీద వేసుకోండి. చీలమండ లోపలి గుబ్బ పైనుంచి మోకాలి వైపు, ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో రెండేసి సెంటీమీటర్లకి ఒకసారి నొక్కుకుంటూ పైకి వెళ్లండి. నొప్పి మూడు వేళ్ల వెడల్పు, అంటే దాదాపు ఐదు సెంటీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ దూరం పరుచుకుని, పరుగు మొదట్లో ఉండి ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది మామూలుగా షిన్ స్ప్లింట్స్ అంటారే, అదే (ఎముక చిట్లకుండా దాని అంచు వెంట పుట్టే నొప్పి) అయ్యుండొచ్చు. అలా కాకుండా ఒక్క రూపాయి బిళ్లంత చోట నొక్కగానే ప్రాణం పోతున్నట్టుంటే, ఒంటికాలి మీద ఒక్కసారి గెంతినా అక్కడే పోటు పుడితే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. ఆ రోజు నుంచే పరుగు ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్ని కలవండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. 'ఎక్స్‌రే బానే ఉంది' అన్నారని మళ్లీ పరుగెత్తి పూర్తిగా విరగ్గొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అనుమానం బలంగా ఉంటే ఎమ్మారై స్కాన్ గురించి డాక్టర్ని అడగండి. చిట్లడం నిజమైతే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ముందే పట్టుకుంటే షిన్ స్ప్లింట్స్ రెండు మూడు వారాల్లో దారికొస్తాయి.

షిన్ స్ప్లింట్సే అయితే, అరగంట వేగంగా నడిచినా నొప్పి రాని రోజులు వరసగా నాలుగైదు వచ్చేదాకా పరుగు వద్దు. సైకిల్, ఈత, షాట్‌పుట్ సాధన చేసుకోవచ్చు. తర్వాత ఒక నిమిషం జాగింగ్, ఒక నిమిషం నడక, అలా పదిసార్లు. రోజు విడిచి రోజు, మట్టి గ్రౌండ్‌లో. మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి పది అడుగుల్లో కాలు ఎలా ఉందో చూసుకోండి. పోటు లేకుంటే తర్వాతిసారి జాగింగ్ రెండు నిమిషాలు చేయండి. పోటు ఉంటే ఒక మెట్టు వెనక్కి. సీసీ రోడ్డు మీద పరుగు ఈ దశలో అసలు వద్దు. బూట్లు కూడా చూడండి. టేబుల్ మీద పెట్టి వెనకనుంచి చూస్తే మడమ ఒకపక్కకి ఒరిగి ఉంటే వాటి పని అయిపోయినట్టే.

కాలు కుదిరాక వారం ఇలా పెట్టుకోండి. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణలో మగవాళ్లకి 1600 మీటర్లకి 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు, అంటే 400 మీటర్ల ల్యాప్‌కి 1:49 లోపే. (ఆంధ్రాలో 8 నిమిషాలు, ల్యాప్‌కి సరిగ్గా రెండు నిమిషాలు. అమ్మాయిలకి తెలంగాణలో 800 మీటర్లకి 5:20, ల్యాప్‌కి 2:40.) సోమవారం 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 1:45లో, మధ్యలో రెండు నిమిషాల నడక. నాలుగోది 1:52కి పడిపోతే అక్కడితో ఆపేయండి, మిగతా రెండూ చేస్తే అలసటే తప్ప లాభం లేదు. జిమ్‌లో కాళ్ల వ్యాయామం కూడా ఆ సాయంత్రమే పెట్టండి. వింతగా ఉంటుంది గానీ, కష్టమంతా ఒకే రోజుకి చేరిస్తేనే తర్వాతి రోజు కాళ్లకి నిజంగా ఖాళీ దొరుకుతుంది. మంగళవారం షాట్‌పుట్, పైశరీరం. బుధవారం ఐదు కిలోమీటర్లు నిదానంగా, కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు. పక్కవాడితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలగాలి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. గురువారం లాంగ్‌జంప్ ఎనిమిది పది దూకుళ్లు, 60 మీటర్ల స్ప్రింట్లు నాలుగు. శుక్రవారం పూర్తి రెస్ట్. శనివారం 800 మీటర్లు రెండుసార్లు, లేదా వారం విడిచి వారం 1600 ట్రయల్. ఆదివారం పూర్తి రెస్ట్. ప్రతి నాలుగో వారం మొత్తం దూరంలో మూడో వంతు తగ్గించండి.

కష్టమైన రోజు పక్కన తేలికైన రోజు పెట్టే ఈ పద్ధతిని అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీ కోచ్ బిల్ బవర్మన్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మన గ్రౌండ్లలో ఎక్కువమంది చేసేది దీనికి తలకిందులు: రోజూ ఒకే 1600, రోజూ ముప్పాతిక వేగం. పూర్తి వేగానికి కాళ్లు తాజాగా ఉండవు, కోలుకోవడానికి అది తేలికా కాదు.

ఇక రెస్ట్ రోజు అంటే ఏంటో స్పష్టంగా ఉండాలి. ఆదివారం గ్రౌండ్ మానేసి మధ్యాహ్నం దాకా టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడితే అది రెస్ట్ కాదు. మెత్తటి చెప్పులతో పాతిక స్ప్రింట్లు కొట్టినట్టు. పొలంలో 16 లీటర్ల స్ప్రేయర్ వీపున వేసుకుని మందు కొట్టడమూ, పెళ్లింట్లో గంటల తరబడి నిలబడి వడ్డించడమూ అంతే. ఆ పనులు తప్పవు, ఇంట్లో చేసేవాళ్లు లేకపోవచ్చు. అలాంటప్పుడు దాన్ని పని రోజుగానే లెక్కేసి, మర్నాటి ట్రైనింగ్‌ని రెస్ట్‌గా మార్చుకోండి. అరగంట నడక, కాస్త స్ట్రెచింగ్ అయితే మంచిదే. ఆయాసం రాకూడదు, అంతే.

నిద్ర గురించి గట్టిగా చెప్పాలి. రాత్రి ఒంటిగంట దాకా రీడింగ్ రూమ్‌లో చదివి నాలుగున్నరకి గ్రౌండ్‌కి లేచేవాళ్లని చూస్తే బాధేస్తుంది. మూడున్నర గంటల నిద్రతో ఏ మరమ్మతూ పూర్తి కాదు. చదువూ ఎక్కదు. కనీసం ఏడు గంటలు పడుకోండి. రాత్రి ఆలస్యమైతే పరుగుని సాయంత్రానికి మార్చండి, లేదా ఆ రోజే రెస్ట్ తీసుకోండి.

రెస్ట్ రోజున అన్నం తగ్గించకండి. కట్టుకునే పని ఆ రోజే జరుగుతుంది. ప్రొటీన్ కిలో బరువుకి 1.4 నుంచి 1.6 గ్రాముల లెక్కన, అంటే 65 కిలోలవాళ్లకి రోజుకి 90 నుంచి 105 గ్రాములు కావాలి. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, మిగతాది పప్పు, పాలు, పెరుగు, పల్లీలు, చికెన్ నుంచి తెచ్చుకోవాలి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు ఆ రోజు ట్రయల్ పెట్టుకోకండి. పైన చెప్పిన వారంలో శనివారాన్నీ శుక్రవారాన్నీ అటూ ఇటూ మార్చి, గురువారం దూకుళ్లని బుధవారానికీ బుధవారం పరుగుని గురువారానికీ జరిపితే సరిపోతుంది.

రెస్ట్ సరిపోయిందో లేదో చెప్పే చవకైన పరికరం మీ మణికట్టు. మెలకువ రాగానే, లేవకుండా, ఫోన్ చూడకుండా, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి పూర్తి 60 సెకన్లు నాడి లెక్కపెట్టండి. పది రోజులు పుస్తకంలో రాస్తే మీ మామూలు లెక్క తెలుస్తుంది. అది 58 అయి, ఒక పొద్దున 66 వస్తే కంగారు పడక్కర్లేదు, ఉక్కపోత రాత్రి అయ్యుండొచ్చు, ఆలస్యంగా తిని ఉండొచ్చు. వరసగా రెండు మూడు రోజులు అలాగే ఉండి, చిరాకు, ఆకలి లేకపోవడం కూడా తోడైతే ఆ రోజు ప్లాన్‌లో ఏమున్నా మానేయండి.

కొన్నిటికి మాత్రం ఒక రోజు రెస్ట్ సరిపోదు. జ్వరం ఉంటే పరుగు అసలు వద్దు, వైరల్ జ్వరాల్లో గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. గట్టి వ్యాయామం తర్వాత మూత్రం డికాషన్ రంగులో వస్తే, కండ కరిగి కిడ్నీల మీద పడుతోందని అర్థం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నొప్పి తెలియకుండా డైక్లోఫినాక్ వేసుకుని పరుగెత్తడం రెండు విధాలా చెడు: ఎముక పెట్టే కేక వినిపించదు, ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్ర కిడ్నీలకి దెబ్బ. అమ్మాయిలకి సాధన మొదలయ్యాక వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే 'ట్రైనింగ్‌లో మామూలే' అనుకోవద్దు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేదన్న సూచన కావచ్చు, దాంతో ఎముకలు పలచబడతాయి. డాక్టర్ని కలిసి, తిండి పెంచాలి.

ఈవెంట్స్ తేదీ వచ్చాక అందరూ చేసే పొరపాటు ఆఖరి వారంలో రోజూ ట్రయల్ కొట్టడం. చివరి రెండు వారాలు దూరాన్ని మెల్లగా సగానికి తగ్గించండి, వేగం మాత్రం తగ్గించకండి. ఆరు 400లు చేసేచోట మూడు చేయండి, అదే 1:45లో. ఆఖరి ట్రయల్ ఈవెంట్‌కి కనీసం ఏడు రోజుల ముందే అయిపోవాలి. రెండు రోజుల ముందు పూర్తి రెస్ట్. ముందురోజు పదిహేను నిమిషాల జాగింగ్, 60 మీటర్లు మూడుసార్లు, అంతే. కొత్త బూట్లు ఆ రోజు తొడగొద్దు.