గోక్కునే చోటు చూడు, మందు తర్వాత

పర్లాకిమిడి

చి. సౌ. సునీతకు,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. వానలు పడ్డ దగ్గర్నుంచి మీ కుక్క టామీ రాత్రంతా గోక్కుంటున్నాడనీ, గుణుపురంలో ఎవరో ఇంజెక్షన్ చేస్తే వారం బాగుండి మళ్లీ మొదలైందనీ రాశావు. ఆ తీరు చూస్తే అది స్టీరాయిడ్ అయి ఉంటుంది. చాలా రకాల దురదల్ని స్టీరాయిడ్ కొన్నాళ్లు అణుస్తుంది, కారణం జోలికి మాత్రం పోదు. లోపల గజ్జి పురుగో, తామరో, చీము పొక్కులో ఉంటే వాటికి బలం ఇస్తుంది కూడా. అందుకని రెండో ఇంజెక్షన్ ఇప్పుడే చేయించకు. ముందు కారణం పట్టుకోవాలి. దానికో వరుస ఉంది: మొదట పురుగులు, తర్వాత చర్మంలో ఇన్ఫెక్షన్, ఆ తర్వాత తిండి, ఇవేవీ కావని తేలాక అలర్జీ. ఈ వరుస తప్పితే డబ్బూ పోతుంది, కుక్కా బాధపడుతుంది.

పగటి వెలుతురులో వాణ్ణి పడుకోబెట్టి, ఎక్కడ గోక్కుంటున్నాడో, ఎక్కడ నాక్కుంటున్నాడో కాగితం మీద రాసుకో. తోక మొదలు, నడుము వెనక భాగం, వెనక తొడలు అయితే ముందుగా గెంతే పురుగుల్ని అనుమానించాలి. డాక్టర్లు ఫ్లీలు అంటారే, అవి. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు, పొట్ట అయితే గజ్జి. ముందు పాదాలు, ముఖం, చంకలు, చెవి లోపల అయితే అలర్జీ. పిర్రలు నేలకేసి ఈడుస్తూ తోక కిందే నాక్కుంటుంటే చర్మం సంగతి కాకపోవచ్చు, మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండి ఉంటాయి. వాటిని డాక్టరు చేత పిండించాలి. ఒక్క చెవినే గోక్కుంటూ తల విదిలిస్తుంటే ఆ చెవిలోనే ఏదో ఉంది. కాఫీ పొడిలాంటి నల్లటి గుబిలి ఉంటే చెవి పురుగులు అయ్యే అవకాశం ఎక్కువ.

మీ ఇంట్లో మేకల కొట్టం ఉంది, టామీ అక్కడే పడుకుంటాడు. అందుకే నా అనుమానం మొదట ఫ్లీల మీదికే పోతోంది. మన వైపు మేకల మీదా కుక్కల మీదా ఒకే జాతి ఫ్లీలు తిరుగుతాయి. పురుగు కనబడలేదంటే లేదని కాదు. నాక్కుని, కొరుక్కుని కుక్కే వాటిని మింగేస్తుంది. పేలదువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వి, రాలిన నల్లటి నలకల్ని తడిపిన తెల్ల కాగితం మీద వెయ్యి. రెండు మూడు నిమిషాల్లో నలక చుట్టూ ఎర్రటి గోధుమరంగు మరక దిగితే అది ఫ్లీ రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. మరక రాకపోతే మట్టి.

ఫ్లీ కాటు అలర్జీ ఉన్న కుక్కకి ఒకటి రెండు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. కుక్క ఒంటి మీద కనిపించేవి మొత్తంలో 5 శాతం మాత్రమే. మిగతా 95 శాతం గుడ్లు, లార్వాలు, గూళ్లుగా పడక కింద, గోడ మూలల్లో, పేడ అలికిన నేల పగుళ్లలో, కొట్టంలో ఎండుగడ్డి కింద ఉంటాయి. ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది. గూడు కట్టుకున్న దశలో ఏ మందూ దాన్ని సరిగా చంపదు, నెలల తరబడి అలాగే ఉండగలదు. ఒక్కసారి మందు వేసి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ గోక్కుంటే మందు పని చెయ్యలేదనుకుంటారు అందరూ. నిజానికి పాత గూళ్లలోంచి కొత్తవి వస్తున్నాయి. కనీసం మూడు నెలలు, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకీ పిల్లికీ దాని దాని మందు తప్పకుండా వెయ్యాలి. మేకలకి ఏం వాడాలో మీ లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ని అడుగు. కొట్టంలో గడ్డి తీసి కాల్చెయ్యి, మూలలు ఊడ్చి ఎండ తగలనియ్యి. టామీ పడుకునే గోనెపట్టాలు వారానికోసారి మరిగే నీళ్లలో ఉడకబెట్టు. వాడి పడకని మేకలకి దూరంగా మార్చు.

మందు కొనేముందు కాటా వెయ్యి. కుక్కని ఎత్తుకుని నువ్వు కాటా ఎక్కి, తర్వాత ఒక్కదానివే ఎక్కి ఆ బరువు తీసెయ్యి. దుకాణంలో ఊహించి చెప్పిన బరువుకి మందు కొంటే సగం పని కూడా జరగదు. నమిలే మాత్రల్లో నెక్స్‌గార్డ్ నెలకోసారి ఇచ్చేది, 4 నుంచి 10 కిలోల దాకా ఒక సైజు, 10 నుంచి 25 దాకా మరొకటి. బ్రావెక్టో మాత్ర సుమారు 12 వారాలు పనిచేస్తుంది, అన్నంతో కలిపి ఇవ్వాలి. ఈ జాతి మాత్రలు గజ్జి మీదా పిడుదుల మీదా కూడా పనిచేస్తాయి కాబట్టి ఖరీదైనా నేను వీటి వైపే మొగ్గుతాను. ఎప్పుడైనా ఫిట్లు వచ్చిన కుక్కకి మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకూడదు.

మాత్ర బదులు ఫ్లీలని చంపే ఫిప్రోనిల్ స్ప్రే కొంటే కొలత చూసుకో. కిలోకి 3 నుంచి 6 మి.లీ. పట్టాలి. 100 మి.లీ. సీసాలో ఒక నొక్కుకి వచ్చేది అర మి.లీ. అంటే 10 కిలోల కుక్కకి తక్కువలో తక్కువ 60 నొక్కులు. పది నొక్కులు కొట్టి మందు నకిలీదనే వాళ్లే ఎక్కువ. బొచ్చుకి ఎదురుగా కొట్టి, చర్మం తడిసేదాకా చేత్తో రుద్దాలి, గ్లవ్స్ వేసుకో. అందులో ఆల్కహాల్ ఉంటుంది, ఆరేదాకా పొయ్యి దగ్గరికి రానివ్వకు. వేసే ముందు రెండు రోజులూ తర్వాత రెండు రోజులూ స్నానం వద్దు.

పిడుదుల విషయంలో దురద కంటే జ్వరానికే ఎక్కువ భయపడాలి. చెవుల్లో, వేళ్ల సందుల్లో చూసి, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా లాగు. వేళ్లతో చిదమకు.

గజ్జి అయితే దురద మామూలుగా ఉండదు. తిండి మానేసి గోక్కుంటుంది, చెవి అంచులు పక్కు కట్టి గరగరలాడతాయి. చెవి కొసని వేళ్ల మధ్య పెట్టి నలిపితే వెనక కాలు దానంతటదే గోకడానికి లేస్తుంది. అలా లేచిందంటే అనుమానం బలపడాలి. చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తే పురుగు చాలాసార్లు దొరకదు. అందుకే రిపోర్టులో లేదన్నా, లక్షణాలు కలిస్తే డాక్టర్లు గజ్జి మందే మొదలుపెడతారు, అది సరైన పనే. ఇది మనుషులకీ అంటుతుంది. పిల్లల నడుము దగ్గరా చేతుల మీదా దద్దుర్లు వచ్చాయేమో చూడు. కుక్కకి వైద్యం జరిగితే మనుషులకి సాధారణంగా వాటంతటవే తగ్గిపోతాయి. ఇంకో గజ్జి ఉంది, డెమోడెక్స్ అంటారు. చిన్న కుక్కపిల్లల్లో కళ్ల చుట్టూ, మూతి దగ్గర బొచ్చు ఊడుతుంది, మొదట్లో దురద పెద్దగా ఉండదు, అంటదు. దానికి స్టీరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకుతుంది.

పురుగులు తీశాక కూడా దురద మిగిలితే చర్మం వాసన చూడు. వంశధార ఒడ్డున వానాకాలం నాలుగు నెలలూ కుక్క పాదాలు ఆరవు. ఆ తేమలో ఈస్ట్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. పులిసిన పిండి వాసన, జిడ్డు, వేళ్ల సందుల్లో ఎర్రటి గోధుమరంగు, చంకల్లో గజ్జల్లో నల్లగా మందంగా మారిన తోలు దాని గుర్తులు. చీము పొక్కులూ, గుండ్రంగా అంచు లేచిన పొట్టూ కనబడితే బ్యాక్టీరియా. రెండూ ఒకేసారి ఉండడం మామూలే. 2 శాతం క్లోరెక్సిడిన్, 2 శాతం మైకోనజోల్ కలిసిన కుక్కల షాంపూ రెండింటికీ పనికొస్తుంది. వారానికి రెండుసార్లు, కనీసం మూడు వారాలు. నురగ పట్టించాక గడియారం చూసి 10 నిమిషాలు ఉంచాలి, తర్వాతే కడగాలి. మందంతా ఆ 10 నిమిషాల్లోనే ఉంది, వెంటనే కడిగేస్తే షాంపూ మురిక్కాలవకి మందేసినట్టు. స్నానం తర్వాత వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడువు. పొలం గట్ల మీదికి తీసుకెళ్లి వచ్చిన ప్రతిసారీ పాదాలు కడిగి తుడిచే పని పిల్లలకి అప్పగించు. పొక్కులు లోతుగా, ఒళ్లంతా ఉంటే డాక్టరు రాసిన యాంటీబయాటిక్ కావాలి, మధ్యలో ఆపకూడదు.

ఇరుగుపొరుగు చెప్పేవి కొన్ని ఉంటాయి. లారీ షెడ్డు నుంచి వాడేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి పూయమంటారు. కుక్క దాన్ని నాకుతుంది, కాలేయం, కిడ్నీలు పాడవుతాయి. కిరోసిన్, ఫినాయిల్, డెట్టాల్ చర్మాన్ని కాలుస్తాయి. వేపాకు కాచిన నీళ్లతో కడిగితే తప్పులేదు, దాన్నే మందు అనుకోకు. పసుపు పూస్తే చర్మం అసలు రంగు డాక్టరుకి కనబడదు. కాలమైన్ లోషన్‌లో జింక్ ఉంటుంది, నాకితే విషమవుతుంది. మనుషుల తామరకి కొనే మూడు మందుల ట్యూబుల్లో ఘాటైన స్టీరాయిడ్ ఉంటుంది, అవి వద్దే వద్దు. పశువుల పిడుదుల మందు ఊహగా కలిపి కుక్కకి పోస్తే వాంతులు, వణుకు పట్టుకుంటాయి, ఆ కుక్క పక్కన పడుకున్న పిల్లి చచ్చిపోవచ్చు కూడా. మేకలకిచ్చే ఐవర్‌మెక్టిన్‌ని కొలత తెలియకుండా కుక్కకి పొడిపించకు. కోలీ జాతి రక్తం ఉన్నవాటికి అది మెదడుకెక్కుతుంది.

పురుగులూ లేవు, ఇన్ఫెక్షనూ తగ్గింది, అయినా దురద ఉందనుకో, అప్పుడు తిండి. చద్దన్నం వల్ల కాదు, దాంతో పెట్టే పాలు, గుడ్డు, కోడి ముక్కల వల్ల రావచ్చు. తిండి అలర్జీకి రక్తపరీక్ష నమ్మదగింది కాదు. ఉన్న ఒకే పరీక్ష, ఎప్పుడూ తినని మాంసం ఒకటీ, ఎప్పుడూ తినని దుంప ఒకటీ పెట్టి 8 వారాలు చూడడం. టామీ పంది మాంసం ఎప్పుడూ తినకపోయి ఉంటే సంతలో దొరుకుతుంది, బాగా ఉడికించి చిలగడదుంపతో పెట్టు. ఉల్లి, వెల్లుల్లి, మసాలా వెయ్యకు. పిల్లలు వేసే ఒక్క బిస్కట్టు ముక్క చాలు, లెక్క చెడిపోతుంది. నమిలే మాత్రల్లోనూ మాంసం రుచి ఉంటుంది కాబట్టి ఆ 8 వారాలూ మెడ మీద పోసే మందుకి మారు. తగ్గితే అక్కడితో ఆగకు, పాత తిండి మళ్లీ పెట్టు. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తేనే తిండిది తప్పు అని తేలినట్టు. ఏడాది నిండని పిల్లకి మాత్రం డాక్టరుని అడక్కుండా ఇలా పెట్టకూడదు, ఎదుగుదల దెబ్బతింటుంది.

అన్నీ కాదని తేలాక మిగిలేది దుమ్ము, పుప్పొడి పడని అలర్జీ. సాధారణంగా ఆరు నెలలకీ మూడేళ్లకీ మధ్య మొదలవుతుంది. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాలి. అపోక్వెల్ మాత్ర ఒక రోజులోపే దురద తగ్గిస్తుంది, ఏడాది దాటిన కుక్కలకే. ప్రెడ్నిసోలోన్ అనే స్టీరాయిడ్ మాత్ర చవక, కానీ దాహం, ఆకలి, మూత్రం పెంచుతుంది, ఎక్కువకాలం వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. చేపనూనె ఫలితం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సెట్రిజిన్ చాలా కుక్కలకి పెద్దగా పనిచెయ్యదు, దాంతో జలుబు మందు కలిపిన మాత్రలు ప్రమాదం.

ఇక ఈ రాత్రికి. చల్లటి నీళ్లతో 10 నిమిషాలు తడుపు, వేడినీళ్లు దురదని పెంచుతాయి. ఒక కప్పు ఓట్స్ మెత్తగా పొడిచేసి పల్చటి గుడ్డలో మూటకట్టి, బకెట్ నీళ్లు పాలలా అయ్యేదాకా పిండి, ఆ నీళ్లు ఒళ్లంతా పోసి 10 నిమిషాలు ఉంచి కడుగు. తడి పుండు పడిన చోట చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చిన్న చెంచాతో ఒకటిన్నర ఉప్పు కలిపి, గుడ్డ తడిపి ఐదు నిమిషాలు అద్దు, రోజుకి మూడుసార్లు. మెడకి ప్లాస్టిక్ కాలర్ దొరక్కపోతే చిన్న బకెట్ అడుగు కోసి తొడుగు. గోళ్లు కత్తిరించు. నొప్పితో కరవొచ్చు, ముందు మూతికి గుడ్డపట్టీ కట్టు.

ఒక్క సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఈమధ్య ఏ వీధికుక్కయినా టామీని కరిచి ఉండి, ఇప్పుడు ఆ కాటు చోటునే పీక్కుంటూ, ప్రవర్తన మారి, గొంతు మారి ఉంటే నోట్లో చెయ్యి పెట్టకు. కట్టేసి డాక్టరుకి చెప్పు. రేబిస్ టీకా తేదీ చూసుకో.

ఊళ్లో లైవ్‌స్టాక్ ఎయిడ్ సెంటర్లో మైక్రోస్కోప్ ఆశించకు. టౌన్లో ప్రాణి చికిత్సాలయంలో అడుగు. అక్కడా కుదరకపోతే భువనేశ్వర్ కాలేజీ కంటే మీకు విజయనగరం జిల్లా గరివిడి వెటర్నరీ కాలేజీ దగ్గర. వెళ్లే ముందు మూడు రోజులు స్నానం చేయించకు, ఏమీ పూయకు. దువ్వెన పరీక్ష, చర్మానికి టేపు అంటించి చూసే పరీక్ష, గీకి చూసే పరీక్ష, ఈ మూడూ అయ్యాకే స్టీరాయిడ్ మాట అని నువ్వే అడుగు. ఇంతకుముందు చేసిన ఇంజెక్షన్ చీటీ, సీసా ఫోటో ఉంటే పట్టుకెళ్లు.

రోజూ పడుకునేముందు వాడి గోకుడికి పదికి ఎన్ని మార్కులో క్యాలెండర్ మీద రాస్తూండు. మందు ఏ తేదీన వేశావో దాని పక్కనే రాయి. మూడు వారాల అంకెలు పంపితే, తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.

మీ అత్తయ్య అడిగానని రాయమంది.

ఇట్లు
మావయ్య