ఎక్స్-రేలో అరుగుదలే అన్నారు.. రాత్రి నొప్పి తగ్గట్లేదు!

ప్రశ్న: నా వయసు 46. నాలుగు నెలలుగా కుడి మోకాలు నొప్పి. ఎక్స్-రే తీసి ‘కొద్దిగా అరుగుదల, అంతే’ అన్నారు. మాత్రలు వేసుకుంటున్నా రాత్రిళ్లు నొప్పికి మెలకువ వచ్చేస్తోంది. ఎక్స్-రేకి దొరకనిది ఏమైనా ఉంటుందా డాక్టర్ గారూ? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉండొచ్చండీ. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది అరుగుదల కాదు, ఆ మెలకువ. అరుగుదల నొప్పి మెట్లెక్కితే పెరుగుతుంది, పడుకుంటే నెమ్మదిస్తుంది. కొద్దిపాటి అరుగుదలకే రోజూ నిద్ర చెడటం మామూలు కాదు.

ఫిల్ము చూసేటప్పుడు మేమూ పొరబడతాం. కీలు సందు తగ్గినట్టు కనబడగానే ‘ఇదే కారణం’ అనిపించి కళ్లు అక్కడే ఆగిపోతాయి. నొప్పికి అసలు కారణమైన మచ్చ కీలుకు నాలుగు వేళ్ల పైన తొడ ఎముకలో, ఫిల్ము అంచున సగం తెగి ఉండొచ్చు. అందుకే నేను ముందు నాలుగు మూలలూ చూసి, ఎముక అంచునున్న తెల్లటి గీత వెంటే వెళ్లి, అది ఎక్కడైనా పలచబడిందా, తెగిందా అని వెతుకుతాను. కీలు సంగతి చివర్లో.

ఎంత వెతికినా ఒక్కోసారి ఏమీ కనబడదు. ఎముక లోపలి మెత్తటి భాగంలో ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోతేగానీ ఎక్స్-రేలో మచ్చ తేలదు. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకినా మొదటి 10–14 రోజులు ఫిల్ము శుభ్రంగానే ఉండొచ్చు. సన్నటి పగుళ్లూ అంతే. మీ ఎక్స్-రే ఎప్పటిదో రాయలేదు. నొప్పి మొదలైన కొత్తలో తీసిందైతే మళ్లీ తీయించాల్సిందే.

తుంటినీ మర్చిపోకండి. తుంటి కీలులో తేడా వస్తే నొప్పి మోకాలి దగ్గర తెలియడం మేం తరచూ చూస్తాం. కాలు లోపలికి తిప్పితే గజ్జలో పట్టేస్తోందా? అయితే తుంటి ఎక్స్-రే కూడా అవసరం. తుంటి బంతికి రక్తప్రసరణ తగ్గే జబ్బులో ఎక్స్-రే మొదట్లో నార్మల్‌గా ఉంటుంది, ఎంఆర్ఐలో ముందే తెలుస్తుంది.

ఈ వారంలోనే ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి. రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, పాత ఫిల్ము కూడా తీసుకెళ్లండి. పాత ఫిల్మూ, కొత్త ఫిల్మూ పక్కపక్కన పెడితేనే మార్పు తెలుస్తుంది. ఎదురుగా, పక్క నుంచి రెండు ఫిల్ములు, ఈఎస్ఆర్, సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నాయేమో సూచించే రక్తపరీక్షలు), కాల్షియం పరీక్షలు, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు. మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అనుకోకండి, హాని చేయనివే చాలా ఉంటాయి. అయితే జ్వరం, బరువు తగ్గడం, వాపు, కాలు మోపలేకపోవడం ఉన్నా, గతంలో క్యాన్సర్‌కు చికిత్స జరిగినా ఆలస్యం వద్దు. అప్పటిదాకా నొప్పి మాత్రల డోసు మీరే పెంచుకోకండి.