పూత ఉన్న కాయిల్సా, మామూలు ప్లాటినం కాయిల్సా?

మీ అమ్మగారి మెదడులో పగలని అన్యూరిజం (రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బిన చోటు) ఉందని, దాన్ని లోపలి నుంచి నింపడానికి హైడ్రోజెల్ పూత ఉన్న కాయిల్స్ వేస్తే ఖర్చు బాగా పెరుగుతుందని ఆసుపత్రిలో చెప్పారని రాశారు. ఆ అదనపు డబ్బుకు తగిన ఫలితం ఉంటుందా అన్నది మీ ప్రశ్న. నేను క్యాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల గుండా సన్నని గొట్టాలు పంపి చికిత్స చేసే గదిలో టెక్నీషియన్‌ని. ఏ కాయిల్ వేయాలో నిర్ణయించేది డాక్టరే. కానీ రెండు రకాలనూ వేస్తున్నప్పుడు పక్కనే ఉండి చూస్తున్న మనిషిని కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. అన్యూరిజం పెద్దదైనా, దాని మెడ (రక్తనాళంతో కలిసే ముఖద్వారం) వెడల్పుగా ఉన్నా హైడ్రోజెల్‌కు డబ్బు పెట్టడం మంచిదే. చిన్నదై, మెడ సన్నగా ఉంటే మాత్రం పూత కోసం అప్పు చేయవద్దు.

కారణం చెబుతాను. కాయిల్ కుట్టుదారమంత సన్నని ప్లాటినం తీగ. గజ్జల్లోని రక్తనాళం నుంచి పంపిన సన్నని గొట్టం గుండా ఉబ్బులోకి దూరి అక్కడ చుట్టుకుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ పోతే ఎక్స్‌రే తెర మీద నల్లటి ముద్ద కనబడుతుంది. ఇక నిండిపోయిందనే అనిపిస్తుంది. నిజానికి ఆ ముద్దలో లోహం ఆక్రమించేది నాలుగో వంతు, మహా అయితే మూడో వంతు. మిగతాదంతా గడ్డకట్టిన రక్తమే. ఆ గడ్డ కరిగినా, రక్తపు తాకిడికి కాయిల్స్ నొక్కుకుపోయినా మెడ దగ్గర మళ్లీ తెరుచుకుంటుంది. పూతలు పుట్టింది ఈ బెడద తగ్గించడానికే.

అయితే పూతలన్నీ ఒకటి కాదు. కరిగే కుట్లకు వాడే రకం పాలిమర్‌తో మ్యాట్రిక్స్, సెరిసైట్ కాయిల్స్ వచ్చాయి. వందలాది మంది రోగులతో పరీక్షించినప్పుడు అవి మామూలు ప్లాటినం కన్నా మెరుగని తేలలేదు. అందుకే ‘పూత ఉంది’ అన్న ఒక్క మాటకు డబ్బు ఇవ్వకండి, ఏ పూతో అడగండి.

హైడ్రోజెల్ తీరు వేరు. రక్తం తగిలాక మెల్లగా ఉబ్బి ఖాళీని నింపుతుంది. పాత రకం హైడ్రోజెల్ కాయిల్‌ను లోపలికి పంపే ముందు ఆవిరి పట్టి మెత్తబరిచేవాళ్లం. గొట్టంలోకి వెళ్లాక సుమారు ఐదు నిమిషాల్లో సరైన చోట కూర్చోబెట్టాలి, లేకపోతే ఉబ్బి వెనక్కి రాదు. డాక్టరు చేతులు కదులుతుంటే పక్కన ఒకరు గడియారం చూస్తూ నిమిషాలు చెప్పేవారు. ఆ హడావుడి ఇప్పటి కాయిల్స్‌కు లేదు. వీటిలో జెల్ తక్కువ, తీగ మెత్తన.

పాత రకం మీద జరిగిన హెల్ప్స్ పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. దాదాపు 500 మందిలో ఉబ్బు మళ్లీ తెరుచుకోవడం తగ్గింది కానీ, మరణం, వైకల్యం కూడా కలిపి చూసిన ప్రధాన ఫలితంలో స్పష్టమైన తేడా తేలలేదు. కొత్త రకం మీద 600 మందితో జరిగిన హీట్ పరీక్షలో మామూలు ప్లాటినం వేసినవారిలో 15.4 శాతం మందికి ఉబ్బు తిరగబెడితే, హైడ్రోజెల్ వేసినవారిలో 4.4 శాతం మందికే తిరగబెట్టింది. ఇది చిన్న తేడా కాదు. కానీ మరణాల్లో, జీవన నాణ్యతలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పూతతో దక్కేది ముఖ్యంగా రెండోసారి చికిత్స అవసరం తగ్గే అవకాశం. హైడ్రోజెల్ వేసిన కొందరిలో మెదడు పొరల వాపు, మెదడులో నీరు చేరడం కూడా నమోదయ్యాయి. ఇంటికి వచ్చాక తలనొప్పి తగ్గకపోయినా, నడక తడబడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టరును కలిసినప్పుడు ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు, మెడ ఎంత వెడల్పు, స్టెంట్ (కాయిల్స్ బయటికి జారకుండా రక్తనాళంలో పెట్టే లోహపు జాలీ గొట్టం) కూడా పెట్టాల్సి వస్తుందా అని అడగండి. స్టెంట్ పెడితే ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు నెలల తరబడి వాడాలి. అమ్మగారి రోజువారీ జీవితంలో పూత కన్నా ఆ మందుల ప్రభావమే ఎక్కువ. ఖర్చు సంగతికి వస్తే, సాధారణంగా ఒక్కో కాయిల్‌కూ విడిగా ధర వేస్తారు, ఎన్ని పడతాయో ముందుగా కచ్చితంగా చెప్పలేరు. కాబట్టి ఎక్కువ పడితే ఎంతవుతుందో ముందే రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏ రకం కాయిల్స్‌కు వర్తిస్తుందో తెలుసుకోండి.

డబ్బంతా కాయిల్స్‌కే ఖర్చు చేసి, ఆర్నెల్ల తర్వాత చేయించాల్సిన యాంజియోగ్రామ్‌కు (రక్తనాళాలను చూసే ఎక్స్‌రే పరీక్షకు) రాని కుటుంబాలను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఏ కాయిల్ వేసినా ఆ పరీక్ష తప్పనిసరి. దానికయ్యే ఖర్చు ఇప్పుడే పక్కన పెట్టండి. తర్వాతి సంవత్సరాల్లో చాలామందికి ఎంఆర్ఐ సరిపోతుంది, ప్లాటినం కాయిల్స్ ఉన్నా అది చేయించుకోవచ్చు.